పాసైన రెండేళ్ల చదువు ఎటు పోయినట్టు?

ఎడిటర్ గారికి,

డిగ్రీ మధ్యలో ఆపేసినా పర్లేదు, పాసైన సబ్జెక్టులకి పాయింట్లలా ఇచ్చే క్రెడిట్లు అకడమిక్ క్రెడిట్ బ్యాంక్ అనే ఆన్‌లైన్ ఖాతాలో భద్రంగా ఉంటాయి, వేరే కాలేజీలో చేరి వాడుకోవచ్చు అని 2021 నుంచీ వింటూనే ఉన్నాం. మంచిదే. కానీ యూజీసీ నిబంధనల ప్రకారం 2021-22 నుంచి చదివిన కోర్సులకే అందులో చోటు, అదీ గరిష్ఠంగా 7 ఏళ్లే. మరి అంతకు ముందే పెళ్లిళ్లయి, ఇంట్లో ఇబ్బందులొచ్చి చదువు ఆపేసినవాళ్ల సంగతేంటి?

మా చెల్లెలు 2013లో బీకాం సెకండియర్ అన్ని సబ్జెక్టులూ పాసైంది, పెళ్లి కుదిరి అక్కడితో ఆగిపోయింది. ఇప్పుడు పిల్లలు బడికెళ్తున్నారు, పూర్తి చేస్తానంటోంది. మార్కుల మెమోలు, టీసీ పట్టుకుని వేరే ఊళ్లో కాలేజీకి వెళ్తే, మీవి మార్కులు, మావి క్రెడిట్లు, ఫస్టియర్‌లో చేరండి అన్నారట. అప్పుడు ఉన్నవే ఏడాది పరీక్షలు, తెలంగాణలో డిగ్రీకి క్రెడిట్ల పద్ధతి వచ్చిందే 2016-17లో, దానికి ఆ పిల్లేం చేస్తుంది? పాత బ్యాక్‌లాగ్‌లు మిగిలినవాళ్లకి వర్సిటీలు అప్పుడప్పుడూ వన్ టైమ్ ఛాన్స్ అని నోటిఫికేషన్ ఇస్తాయి, అన్నీ పాసై ఆగినవాళ్లకి మాత్రం మొదటి నుంచి చదవమనే సలహా!

అన్నీ కళ్లు మూసుకుని ఒప్పుకోమనట్లేదు. జీఎస్టీ 2017లో వచ్చింది కాబట్టి పన్నుల పేపర్ మళ్లీ రాయమంటే న్యాయమే, కంప్యూటర్ పేపరూ అంతే. అకౌంటింగ్‌లో డబుల్ ఎంట్రీ మారిందా? స్టాటిస్టిక్స్‌లో సగటు లెక్క మారిందా? పైగా సగం క్రెడిట్లయినా డిగ్రీ ఇచ్చే సంస్థలోనే సంపాదించాలని క్రెడిట్ బ్యాంక్ నిబంధనల్లోనే ఉంది, పాతవాళ్లకీ అదే షరతు పెడితే ప్రమాణాలు పడిపోతాయన్న భయం ఎందుకు?

ఇంకో తిప్పలు, పాత సిలబస్ కాపీ అటెస్ట్ చేయించి తెమ్మంటారు. పాత కాలేజీ వాళ్లు వర్సిటీని అడగమంటారు, వర్సిటీలో కౌంటర్లు మారడమే సరిపోతుంది. ఆ సిలబస్ తయారు చేసింది వాళ్లే కదా, పాత పేపర్ ఏది, దానికి ఇప్పుడు సమానమైనది ఏది, ఎన్ని క్రెడిట్లు అని ఒక పట్టిక వెబ్‌సైట్‌లో పెడితే ప్రిన్సిపాల్ మూడ్‌ని బట్టి తేలే టెన్షన్ ఉండదు. ఒప్పుకోకపోతే కారణం కాగితం మీద రాసివ్వాలి, నోటిమాటగా పంపేస్తే పైన ఎవరికి మొరపెట్టుకోవాలి?

ఉన్నత విద్యామండలి వాళ్లు వచ్చే దోస్త్ (డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్ల) నోటిఫికేషన్‌తో పాటే ఈ పట్టిక కూడా ఇప్పించాలని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, ఖమ్మం