ఈసుకుపోయిన గేదె, తగ్గని జ్వరం

ఒరేయ్ డాక్టరూ,

ఎలా ఉన్నావు? అమ్మ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? ఫోన్ చేస్తే "ఓపీలో ఉన్నాన్రా" అని పెట్టేస్తావు కాబట్టి ఉత్తరం రాస్తున్నా. ఆదివారం తీరిగ్గా చదువు.

గుంటూరు నుంచి తెనాలి వెళ్ళే దారిలో ఒక ఊళ్ళో గేదె చూడి కట్టడం లేదంటే చూడ్డానికి వెళ్ళాను. రైతు అరుగు మీద దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడుతుందట, తెల్లవారుజామున పక్క తడిసిపోయేంత చెమట, నడుం నొప్పి. టౌన్లో ఒక ఆసుపత్రిలో టైఫాయిడ్ అన్నారు. మందులు వాడితే తగ్గి మళ్ళీ వచ్చింది. ఇంకో చోటికి వెళ్తే మళ్ళీ టైఫాయిడే అన్నారు.

నేను అడిగింది గేదె గురించి. "కిందటిసారి ఏడో నెలలో ఈసుకుపోయిందండీ, నెలలు నిండకుండానే దూడ పడిపోయింది. మాయ పడలేదు, నేనే చెయ్యి పెట్టి లాగేశా" అన్నాడు. చేతికి తొడుగు లేదు, గడ్డి కోసిన గాట్లు మాత్రం ఉన్నాయి. మాయ ఏం చేశావంటే కాలవ గట్టున పారేశాడట, కుక్కలు లాక్కుపోయాయట.

నాకు ఒళ్ళు జలదరించింది రా. గేదె రక్తం తీసి పరీక్షకు పంపాను. ఆయన్ని మాత్రం, గొడ్లను ఈసుకుపోయేలా చేసి మనుషులకూ సోకే బ్రూసెల్లా క్రిమికి పరీక్ష అడగమని చీటీ రాసిచ్చి డాక్టరు దగ్గరికి పంపాను. ఇద్దరికీ పాజిటివ్ వచ్చింది. ఇప్పుడు డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్ ఆరు వారాల కోర్సు వాడుతున్నాడు, అన్నం సయిస్తోందంటున్నాడు.

ఆయన్ని చూసిన డాక్టర్లు తెలివితక్కువవాళ్ళని నేననను. ఎవరూ "ఇంట్లో గొడ్లున్నాయా, ఈ మధ్య ఏదైనా ఈసుకుపోయిందా" అని అడగలేదు, అంతే. ఆ ఒక్క ప్రశ్న లేక ఒక మనిషి నెలల తరబడి ఏ రోగమో తెలియక డబ్బు తగలేశాడు. నా రిజిస్టర్లో గేదె ఉంటుంది, మీ ఓపీ చీటీలో మనిషి ఉంటాడు, కాలవ సంగతి పంచాయతీ వాళ్ళది. ఈ ముగ్గురూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలన్నదే వన్ హెల్త్ అంటే.

ఈ రోగం చరిత్ర కూడా ఇదే చెప్తుంది. మాల్టా దీవిలో బ్రిటిష్ సైనికులు ఇలాంటి జ్వరంతోనే పడిపోయేవాళ్ళు. 1887లో సైనిక డాక్టరు డేవిడ్ బ్రూస్ సూక్ష్మజీవిని పట్టుకున్నాడు, కానీ అది ఎక్కడి నుంచి వస్తోందో చాలా ఏళ్ళు అంతుపట్టలేదు. 1905లో మాల్టా డాక్టరు థెమిస్టొక్లిస్ జామిట్ మేకల రక్తం పరీక్షిస్తే అక్కడ దొరికింది, అదీ చూడ్డానికి ఆరోగ్యంగా ఉన్న మేకల్లో! మరుసటి ఏడు సైనికులకు మేకపాలు ఆపేశారు, జ్వరాలు చప్పున పడిపోయాయి. సైనికులకు కొత్త మందేం ఇవ్వలేదు చూడు.

కుక్కలంటే గుర్తొచ్చింది. మన చిన్నప్పుడు చచ్చిన గొడ్డును ఊరవతల పడేస్తే రాబందులు వాలేవి కదా. గొడ్లకు వాడిన డైక్లోఫెనాక్ ఆ కళేబరాల ద్వారా రాబందుల కిడ్నీలను పాడుచేసింది. 2006లో పశువులకు ఆ మందు నిషేధించేసరికే రాబందులు చాలావరకు పోయాయి. ఇప్పుడు ఆ కళేబరాల మీద కుక్కలే. మీ దగ్గర కుక్కకాటు సూదుల కోసం క్యూ కట్టేవాళ్ళను చూసినప్పుడు నాకు రాబందులే గుర్తొస్తాయి.

సరే, పనిలోకి వస్తా. నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యదూడలకు బ్రూసెల్లా టీకా వేస్తున్నాం, జన్మలో ఒక్కసారి చాలు. 2019లో మొదలైన కేంద్ర పథకం కింద ఉచితమే. మనుషులకు మాత్రం టీకా లేదు. దూడల టీకాలో ఉండేది బతికున్న క్రిమి కాబట్టి సూది గుచ్చుకుంటే మాకూ టెన్షనే. ఊళ్ళో ప్రతి ఇంటికీ చెప్తున్నా: ఈసుకుపోతే మాయను గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి, చేతులకు తొడుగులు లేకుండా ముట్టుకోకండి, పొదుగు దగ్గర పచ్చిపాలు తాగకండి, కాచుకునే తాగండి. తాతలు మాత్రం "మేం తాగి పెరగలేదా" అంటారు. వాళ్ళతో పోట్లాడకుండా ఎదురుగా కూర్చుని ఓపిగ్గా చెప్తే వింటున్నారు.

నీకు నేనడిగేది ఒకటే. తగ్గని జ్వరంతో ఎవరొచ్చినా గొడ్ల సంగతి అడుగు. ఉన్నాయంటే ఆ ఊరి పశువుల డాక్టరుకు ఫోన్ చెయ్యి. మా ఊళ్ళో వచ్చే నెల దూడలకు టీకాలు వేస్తున్నాం, ఆ రోజు నువ్వూ వచ్చేయ్. జ్వరాలున్నవాళ్ళందర్నీ అక్కడికే పిలిపిస్తా, నువ్వు వాళ్ళను చూడు, నేను దూడలను చూస్తా. ఎప్పుడు వీలవుతుందో రాయి.

ఇట్లు,
నీ పశువుల డాక్టరు