మంత్రి గారూ, ఆ సంతకానికి ముందు ఒక తెలుగు కాగితం ఇప్పించండి

వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

మాది ఉమ్మడి ప్రకాశం జిల్లా, కనిగిరి దగ్గర పల్లె. ఫ్లోరైడ్ నీళ్లకు మోకాళ్లు పట్టేసినవాళ్లు మా వైపు చాలామంది. చేను గట్టు మీద నాన్న రెండుసార్లు ఆగుతుంటే అదే అనుకున్నాం. రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని ఆగుతున్నారని గమనించింది మా అమ్మ.

ఆసుపత్రిలో నాన్నకు యాంజియోగ్రామ్, అంటే గుండె రక్తనాళాల్లో పూడికలు చూసే పరీక్ష, జరుగుతుండగానే ఒక కుర్రాడు బయటికొచ్చి, "మూడు నాళాల్లో పూడికలున్నాయి. స్టెంట్లు వేసేస్తాం, ఇక్కడ సంతకం పెట్టండి" అన్నాడు. స్టెంటంటే పూడిన నాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం. నాలుగు పేజీల ఇంగ్లిషు. నాన్న లోపల బల్ల మీద ఉన్నారు. డిగ్రీ చదివిన నేను ఒక్క ముక్క చదవకుండా పెట్టేశాను. పొలం దస్తావేజు అయితే నలుగురికి చూపించి ఉండేవాణ్ణి.

గుండెపోటు వచ్చిన మనిషికైతే ప్రతి నిమిషమూ లెక్కే. అప్పుడు స్టెంటు ప్రాణం నిలుపుతుంది, చర్చలకు వేళ కాదు. నాన్నది నడిస్తే వచ్చి కూర్చుంటే పోయే నొప్పి. ఇలా నిలకడగా ఉన్న 5,179 మందితో జరిపి 2020లో ప్రచురించిన ఇస్కీమియా అధ్యయనంలో, మందులతో మొదలుపెట్టినవారికీ ముందే స్టెంటో, పూడికను దాటి రక్తానికి వేరే దారి వేసే బైపాస్ ఆపరేషనో చేయించుకున్నవారికీ మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. నొప్పి తగ్గడం మాత్రం రెండోవారికే ఎక్కువ. ఎడమ ప్రధాన నాళం బాగా పూడినవారిని అందులో చేర్చుకోలేదు, వారి సంగతి వేరు. పైగా నాన్నకు షుగరు. షుగరు ఉండి ఒకటికి మించి నాళాలు పూడితే చాలామందికి స్టెంటు కన్నా బైపాస్ మేలని 2012లోనే ఫ్రీడమ్ అధ్యయనం చూపింది. మా దగ్గర ఆ మాటే ఎవరూ ఎత్తలేదు.

డాక్టరు గారి మీద నాకు ఫిర్యాదు లేదు. ఆయన హస్తవాసి మంచిది, నాన్న ఇప్పుడు ఆగకుండా చేనుకు వెళ్తున్నారు. నేను సంతకం పెట్టింది దేనికో నాకు తెలియకపోవడమే నా బాధ.

2017లో కేంద్రం స్టెంటు ధరకు కళ్లెం వేసింది. పేదల చికిత్స ఖర్చును మీ ప్రభుత్వ పథకం భరిస్తోంది. డబ్బిచ్చేవారు షరతు కూడా పెట్టవచ్చు. అత్యవసరం కాని ప్రతి కేసులో, యాంజియోగ్రామ్‌కు ముందురోజే ఒక పేజీ తెలుగు కాగితం చేతికివ్వాలని ఆదేశించండి. మందులు, స్టెంటు, బైపాస్‌లలో ఏది ఎవరికి, ఎందుకు అన్నది అందులో ఉండాలి. చదవలేనివారికి పథకం తరఫున ఆసుపత్రిలో కూర్చునే మిత్ర చదివి వినిపించాలి.

రక్తం గడ్డకట్టకుండా వాడే మాత్రలు డాక్టరు చెప్పకుండా ఆపితే స్టెంటు మూసుకుపోవచ్చని కూడా పెద్ద అక్షరాల్లో వేయించండి. "నొప్పి పోయిందిగా" అని నాన్న మూడో నెలలోనే మానేశారు. ఖాళీ కాని డబ్బా చూసి మళ్లీ వేయించింది కూడా అమ్మే.

ఇట్లు,
కనిగిరి ప్రాంత రైతు కొడుకు