తాతయ్య గుమ్మం విప్పే ముందు

అమ్మలూ,

నువ్వూ అల్లుడుగారూ కులాసా అని తలుస్తాను. సంక్రాంతి వెళ్లగానే పెంకుటిల్లు విప్పే పని మొదలవుతుంది. సింహద్వారం హైదరాబాదు తీసుకెళ్లి మీ కొత్త ఇంటికి పెట్టుకుంటానని నువ్వు అన్న దగ్గర్నుంచీ మీ నానమ్మ ఆ గడపకి రోజూ పసుపు రాస్తూనే ఉంది. ఇల్లు విప్పే మేస్త్రీ మాత్రం గునపం పెట్టి ఒక్క పూటలో లాగేస్తానంటున్నాడు. అలా లాగితే ద్వారబంధం కమ్ములు పగిలి పొయ్యి కిందకి తప్ప పనికిరావు. మీ తాతయ్య దాన్ని ఎలా కట్టాడో, ఏ వరసలో విప్పాలో రాస్తున్నాను. ఆ రోజు మీలో ఒకరు ఈ కాగితం పట్టుకుని దగ్గరుండాలి.

ముందు కలప సంగతి. ఒకప్పుడు భద్రాచలం ఏజెన్సీ టేకు గోదావరి మీద తెప్పలుగా రాజమండ్రి చేరేది. అక్కడ అన్ని కలప అడితీలు ఉండటం అందుకే. తాతయ్య ఒక్క దుంగ కొనడానికి రెండు రోజులు అడితీలన్నీ తిరిగేవాడు. దుంగ ఒక కొసన గొడ్డలి వెనకభాగంతో కొట్టి, రెండో కొసన చెవి ఆనించి వినేవాడు. ఖంగుమంటే లోపల గట్టి చేవ. మొద్దుగా వినబడితే పుచ్చో, నెర్రో ఉన్నట్టు. దుంగ నట్టనడుమ ఉండే బెండు ఏ కమ్మిలోకీ రాకుండా కోయించేవాడు. బెండు ఉన్న కమ్మి ఎంత ఆరబెట్టినా ఏదో ఒక ఎండాకాలం నిలువునా బీటలిస్తుంది. కోసిన కమ్ముల్ని పాకలో రెండేసి అడుగులకి ఒక చీలిక పెట్టి, గాలి ఆడేలా పేర్చి, కొసలకి పేడా ఎర్రమట్టీ కలిపి మెత్తాడు. చెక్క కొసల నుంచే తొందరగా ఆరుతుంది, మధ్య భాగం వెనకబడుతుంది, ఆ తేడాకే కొసలు పగులుతాయి. అంగుళం మందానికి ఏడాది అని ఆయన లెక్క. ఇవి 4 అంగుళాల కమ్ములు, అంటే నాలుగేళ్లు ఆరాయి. ఇల్లు కట్టడానికి అంత కాలం పట్టలేదు.

ఇప్పుడు కొలతలు. నిలువు కమ్ములు రెండూ, పై కమ్మీ, గడపా అన్నీ 6 అంగుళాలు, 4 అంగుళాలు. లోపలి ఖాళీ ఎత్తు 7 అడుగులు, వెడల్పు మూడున్నర. పై కమ్మీ, గడపా మాత్రం 5 అడుగుల పొడవు ఉంటాయి, రెండు పక్కలా 5 అంగుళాల చొప్పున గోడలోకి చొచ్చుకుపోయి. మొత్తం 4 ఘనపుటడుగుల పైమాట కలప. తలుపు రెక్కలు కాక చట్రం ఒక్కటే దాదాపు 80 కిలోలు తూగుతుంది. నలుగురు మనుషులు లేకుండా కదపనివ్వకు.

దీని అతుకుల్లో ఒక్క ఇనప మేకు లేదు. నిలువు కమ్మి కొసల్ని మూడో వంతు మందానికి కుసిగా, అంటే బెజ్జంలో దూరే నాలుకలా, చెక్కి పై కమ్మిలోకీ గడపలోకీ దింపి, అడ్డంగా వెదురు మేకు కొట్టాడు. కిటుకంతా ఆ మేకు బెజ్జంలో ఉంది. కుసిలో బెజ్జాన్ని బయటి బెజ్జానికి ఎదురుగా వేయకుండా అర నూలు, అంటే అంగుళంలో పదహారో వంతు, కుసి మొదలు వైపుకి జరిపి వేశాడు. మేకు దిగుతూ దిగుతూ కుసిని తనవైపు లాక్కుంటుంది. ఆ మూలల్లో ఈనాటికీ పోస్టుకార్డు అంచు దూరదు. మేకుకి ముదురు వెదురు తెచ్చి పొయ్యి మీద అటకలో నెలల తరబడి ఎండబెట్టేవాడు. కమ్మి కంటే మేకు ఎక్కువ ఎండి ఉంటే, లోపలికి వెళ్లాక కాస్త చెమ్మ పీల్చి ఉబ్బి పట్టేస్తుంది. పచ్చి మేకు ఎండి వదులవుతుంది. గడపలోకి వెళ్లే కుసిని గడప అడుగుభాగం దాకా దించలేదు, ఒక అంగుళం వదిలాడు. చెక్క కొస నేల చెమ్మని ఒత్తిలా పైకి లాగుతుంది కనక.

ఈ బిగువు ఆయనకి బండి చక్రాల పనిలో అబ్బింది. ట్రాక్టర్లు రాకముందు చుట్టుపక్కల ఊళ్లకి తాతయ్య అంటే నల్లతుమ్మ చక్రాలే. నడిమి దిమ్మలో 12 ఆకులు, అంటే చక్రం కడ్డీలు, చుట్టూ 6 పూటీలు, అంటే అంచు వంపు ముక్కలు, పూటీకి రెండేసి ఆకులు. ఇనప పట్టాని చక్రం చుట్టుకొలత కంటే అంగుళం పైన తక్కువ చేయించి, పిడకల మంటలో ఎర్రగా కాల్చి, పట్టకారులతో తొడిగి నీళ్లు కొట్టేవారు. అది చల్లారుతూ ముడుచుకుంటే ఆకులన్నీ దిమ్మలోకి బిగుసుకునేవి. ఒక్క ఆకు కుసి వదులైనా చక్రం నెల తిరక్కుండా కిర్రుమనేది. అలా తప్పుని చెవితో పట్టుకోవడం అలవాటైన మనిషి ద్వారబంధం కడితే ఇలాగే ఉంటుంది.

1986 ఆగస్టు వరదలో నీళ్లు ఈ గడప మీద మూడు అడుగులు నిలిచాయి. తలుపు రెక్కలు ఉబ్బి ఒకదానికొకటి పట్టేశాయి. ఊళ్లో చాలామంది తోపడ పట్టించి అంచులు చెక్కించుకున్నారు. తాతయ్య రెక్కల్ని విప్పి పాక నీడలో మూడు దిమ్మల మీద పడుకోబెట్టి రెండు వైపులా గాలి తగలనిచ్చాడు. సంక్రాంతి దాకా తోపడ ముట్టలేదు. అప్పటికి అవి తమంతట తామే సరైన కొలతకి వచ్చాయి. వానాకాలం చెక్కేసిన తలుపులకి ఎండాకాలం వేలు పట్టేంత సందు వచ్చింది. రెక్కల్లో పలకలు చట్రం గాడిలో ఊరికే కూర్చుని ఉంటాయి, జిగురు లేదు. ఒక్కో పక్కా ఒక నూలు ఖాళీ. పలక ఉబ్బడానికీ ముడవడానికీ ఆ ఖాళీ కావాలి. మీ దగ్గర పాలిష్ చేసేవాళ్లు గట్టితనం కోసమని ఆ గాడిలో జిగురు పోస్తామంటారు, ఒప్పుకోకు. జిగురు పోస్తే మొదటి వేసవికే పలక నడిమికి పగులుతుంది.

దీపాలు పెట్టే వేళ దాటాక ఆయన కుసి చెక్కేవాడు కాదు. లాంతరు వెలుగులో గీతకి నీడ పడి రెండు గీతలు కనబడతాయి. ఆ సాయంత్రాలు పిల్లలవి. అత్తయ్యలకి పెన్సిళ్లు ఉలితో చెక్కి, పలకల చట్రాలు బిగించి, లెక్కలు కొలబద్ద మీద నేర్పేవాడు. పంటకి రైతులు కూలి కింద ఇచ్చే మేర ధాన్యమైనా, తర్వాత రోజుల్లో కూలి డబ్బయినా నేరుగా మీ నానమ్మ చేతికి. ఆవిడకి మోకాళ్ల నొప్పులు మొదలైన వారానికే 8 అంగుళాల ఎత్తు పీట వచ్చింది, దానికి తగ్గట్టు కత్తిపీట కాళ్లూ పెరిగాయి. నువ్వు పడుకున్న ఉయ్యాల 1996 నవంబరు తుపానుకి పడిపోయిన పెరటి పనసది. కడ్డీకీ కడ్డీకీ మధ్య రెండు వేళ్ల సందే వదిలాడు, పసిబిడ్డ తల ఇరుక్కోకుండా. గాజుపెంకుతో గీకి నునుపు చేసి కొబ్బరి నూనె రాశాడు. పళ్లు వచ్చే పిల్లలు కడ్డీ కొరుకుతారని పాలిష్ వేయలేదు. పసుపు రంగు చెక్క ఇప్పుడు బెల్లం రంగుకి వచ్చింది. అది కూడా నీతోనే వస్తుంది.

ఇక విప్పే వరస. మొదట రెక్కలు. బందుల మరలు తుప్పు పట్టి ఉన్నాయి, బలవంతంగా తిప్పితే తలలు ఊడతాయి. కాల్చిన ఇనప ఊచ మర తల మీద నిమిషం ఆనించి, చల్లారనిచ్చి తిప్పితే కదులుతుంది. తర్వాత చట్రానికి మూల నుంచి మూలకి రెండు బద్దలు కట్టండి, మేకులు కొట్టొద్దు, తాళ్లు చాలు. అవి లేకపోతే గోడ వదలగానే చట్రం పక్కకి ఒరిగి కుసులు విరుగుతాయి. గోడ సున్నంది కనక సుత్తీ ఉలీతో చుట్టూ జానెడు మేర గోడనే తొలచాలి. ఒక్కో పక్క మూడు ఇనప పట్టీలు గోడలోకి ఉన్నాయి, అవి బయటపడే దాకా చట్రాన్ని ముట్టుకోకూడదు. గోడవైపు ముఖాలకి తాతయ్య తారు పూశాడు, అది గీకవద్దు.

గడప ఎడమ మూల మెత్తబడింది. కడిగిన నీళ్లు ఏళ్ల తరబడి అక్కడే ఇంకాయి. కత్తిమొనతో గుచ్చి చూశాను, ఒక అంగుళం లోతు దాకా దిగింది, ఆ కింద గట్టిగానే ఉంది. కాబట్టి కింది రెండు మూలల మేకులూ తీసి గడప ఒక్కటి ఊడదీసి, పుచ్చినంత మేర తొలచి పాత టేకు అతుకు వేయించాలి. కొత్త టేకు వద్దు, రెండూ ఒకేలా ముడవవు. మేకు సన్నపు కొస వీధివైపు ఉంది. అటు నుంచే చెక్కసుత్తితో కొట్టాలి. లోపలి నుంచి కొడితే ఇంకా బిగుస్తుంది, ఆ పైన కమ్మి చీలుతుంది. ఎడమ కుసి బయటికి వచ్చాక దాని భుజం మీద చూడు, ఉలితో ఒక గాటు ఉంటుంది. గడప బెజ్జం పక్కన కూడా ఒకే గాటు. కుడివైపు రెండేసి, పైన ఎడమ మూడు, పైన కుడి నాలుగు. ఏ కుసి ఏ బెజ్జానికి చెక్కాడో అదే ఆయన రాత. తారుమారైతే కూర్చోవు.

లారీలో పడుకోబెట్టి, మూడు చోట్ల దిమ్మలు పెట్టి తీసుకెళ్లండి, వాలుగా నిలబెట్టవద్దు. కోనసీమ చెమ్మకి అలవాటుపడ్డ చెక్క హైదరాబాదు ఎండకి ముడుస్తుంది. వెంటనే బిగించకుండా రెండు నెలలు ఇంట్లో గాలి ఆడే గదిలో ఉంచండి. పాలిష్ అప్పుడు, పలకల అంచుల దాకా. ముందే బిగించి పాలిష్ వేస్తే పలక ముడిచినప్పుడు అంచున తెల్లగీత బయటపడుతుంది.

తాతయ్య పెట్టెలో మిగిలిన వెదురు మేకులు ఏడు ఉన్నాయి. నాలుగు ఈ కవర్లో పెట్టాను. వాటిని తడి తగలకుండా మీ వంటింట్లో పొయ్యి పైన అరలో ఉంచు. సన్నపు కొసకి మసి గుర్తు పెట్టి ఉంది, ఆ కొస వీధివైపుకి రావాలి.

ఆశీస్సులతో,
మీ నాన్న