స్నానం ఒక్కటే శుభ్రత కాదు

సంపాదకులకు నమస్కారం.

పెంపుడు కుక్కల పరిశుభ్రత గురించి వినిపించే సలహాలు చాలావరకు స్నానంతో మొదలై స్నానంతోనే ముగుస్తున్నాయి. ఇళ్లలో జరుగుతున్నదీ అదే. వారం తిరిగేసరికి కుక్కను ఒళ్లంతా రుద్ది కడిగి, సువాసన వచ్చేలా తుడిచి, ఇక పని అయిపోయిందనుకునేవారు దాని పెదవి ఎత్తి పళ్లు చూడరు, చెవి మడిచి లోపల చూడరు, నడుస్తుంటే గోళ్లు నేలకు తగిలి టకటకమంటున్నా పట్టించుకోరు. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు అన్నిటికంటే తక్కువ సార్లు అవసరమయ్యేది స్నానమే. క్రమం తప్పకుండా చేయవలసిన పనులు వేరే ఉన్నాయి.

ముందుగా స్నానం సంగతే చెప్పి ముగిస్తాను. కుక్క చర్మపు పై పొర మన చర్మం కంటే పలుచన; మన చర్మానికున్నంత ఆమ్ల స్వభావం కూడా దానికి ఉండదు. కాబట్టి మన కోసం తయారైన సబ్బులు, షాంపూలు దానికి సరిపడవు. వాటితో తరచూ కడిగితే సహజంగా ఊరే నూనె పోయి చర్మం పొడిబారుతుంది, దురద మొదలవుతుంది. కుక్క గోక్కోవడం చూసి మురికి పట్టిందనుకుని యజమాని మళ్లీ స్నానం చేయిస్తాడు. కుక్కల షాంపూతో, గోరువెచ్చని నీటితో నెలకొకసారి చేయిస్తే చాలా కుక్కలకు సరిపోతుంది. బురదలో పొర్లినప్పుడు, లేదా చర్మవ్యాధికి వైద్యులు మందు షాంపూ రాసినప్పుడు మాత్రం లెక్క వేరు. ఇక ఆ పూల పరిమళాలంటారా, అవి మన ముక్కు కోసమే తప్ప కుక్క కోసం కాదు.

స్నానానికి ముందు దువ్వడం తప్పనిసరి, ఎందుకంటే చిక్కుపడిన బొచ్చు తడిస్తే మరింత బిగుసుకుని చర్మాన్ని లాగుతుంది. పొట్టి బొచ్చు కుక్కలను వారానికొకసారి, పొడవు బొచ్చు కుక్కలను రోజూ దువ్వాలి. దువ్వే వేళే ఒంటిని తడిమి చూసే వేళ కూడా: కొత్తగా లేచిన కణితి, ఎర్రబడిన చోటు, బొచ్చు రాలిన మచ్చ, పిడుదు, అన్నీ చేతికి తెలుస్తాయి. పిడుదులు ముఖ్యంగా చెవుల లోపల, మెడపట్టీ కింద, చంకల్లో, వేళ్ల సందుల్లో దాక్కుంటాయి. ఎర్లికియా, బెబీసియా వంటి సూక్ష్మజీవుల వల్ల వచ్చే ప్రమాదకరమైన జ్వరాలను అవే మోసుకొస్తాయి కనుక, కనిపించిన పిడుదును చర్మానికి వీలైనంత దగ్గరగా పట్టకారుతో పట్టుకుని, మెలితిప్పకుండా నిదానంగా లాగేయాలి. కిరోసిన్ పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం ఎంతమాత్రం తగదు. పిల్లి కూడా ఉన్న ఇంట్లో మరొక జాగ్రత్త అవసరం. కుక్కలకు వాడే కొన్ని పిడుదుల మందుల్లో ఉండే పెర్మెత్రిన్ పిల్లులకు ప్రాణాంతకం.

ఇప్పుడు అందరూ వదిలేసే నోటి దగ్గరకు వస్తాను. కుక్క నోరు వాసన రావడం సహజమనే నమ్మకం ఎంత బలంగా పాతుకుపోయిందంటే, అది చిగుళ్ల వ్యాధికి తొలి హెచ్చరిక కావచ్చునని చెప్పినా నవ్వేసేవారే ఎక్కువ. ఎదిగిన కుక్కకు 42 పళ్లుంటాయి. వాటిపై పేరుకునే మెత్తని పాచి, లాలాజలంలోని ఖనిజాలు చేరి రెండు మూడు రోజుల్లోనే గారగా గట్టిపడటం మొదలవుతుంది. ఒకసారి గార కట్టాక ఏ బ్రష్షూ దానిని తీయలేదు, వైద్యులు మత్తు ఇచ్చి తొలగించవలసిందే. అది చిగుళ్ల కిందికి పాకితే పంటిని పట్టి ఉంచే ఎముక కరిగి, పళ్లు కదిలి, చివరకు మేత నమలడమే బాధగా మారుతుంది. అందుకే రోజూ పళ్లు తోమాలి. మనం వాడే టూత్‌పేస్టు మాత్రం వాడకూడదు. కుక్క పేస్టును ఉమ్మదు, మింగుతుంది. మన పేస్టుల్లో ఉండే ఫ్లోరైడ్ దానికి మంచిది కాదు, కొన్నిటిలో తీపి కోసం కలిపే జైలిటాల్ దాని రక్తంలోని చక్కెరను హఠాత్తుగా పడగొట్టి ప్రాణం మీదికి తెస్తుంది. కుక్కల పేస్టును మొదట వేలితో నాకించి, తర్వాత వేలికి చుట్టిన గుడ్డతో పళ్లపై రుద్ది, అలవాటయ్యాక మెత్తని బ్రష్షు పట్టాలి. బుగ్గ వైపు ఉండే పళ్ల తలాలు తోమితే పెద్ద పని అయినట్లే; లోపలి వైపు తోమాలని కుస్తీ పట్టనక్కరలేదు. పళ్లు శుభ్రపడతాయని గట్టి ఎముకలు వేసేవారున్నారు గానీ, వాటిని కొరికి పళ్లు విరగ్గొట్టుకునే కుక్కలూ తక్కువేమీ కాదు.

చెవి నాళం కిందికి దిగి లోపలికి మలుపు తిరుగుతుంది కాబట్టి దూదిపుల్ల పెడితే గుబిలి ఇంకా లోపలికి పోతుంది. వైద్యులు సూచించిన ద్రవాన్ని కొన్ని చుక్కలు వేసి, చెవి మొదలును మృదువుగా నలిపి, కుక్క తల విదిలించాక పైకి వచ్చినదాన్ని దూదితో తుడిస్తే చాలు. దుర్వాసన, గోధుమరంగు స్రావం, తల ఒకవైపు వంచడం కనిపిస్తే ఇంటి ప్రయోగాలు ఆపి వైద్యుల దగ్గరకు తీసుకువెళ్లాలి.

గోళ్ల విషయంలో అందరి భయమూ రక్తం గురించే. తెల్ల గోరులో రక్తనాళాలుండే గులాబీ రంగు జీవభాగం బయటికే కనిపిస్తుంది. నల్ల గోరైతే కొసను కొద్దికొద్దిగా కత్తిరిస్తూ, కోసిన చోట నడుమ చిన్న చుక్క కనపడగానే ఆపాలి. కాలి లోపలి వైపు కాస్త ఎత్తులో ఉండే గోరును మరచిపోకూడదు. అది నేలకు తగలదు, అరగదు, వంకర తిరిగి మాంసంలోకి దిగుతుంది.

ఇవన్నీ చేయనివ్వాలంటే కుక్కకు స్పర్శ అలవాటై ఉండాలి. కూనగా ఉన్నప్పుడే రోజూ పాదాలు పట్టుకోవడం, పెదవి ఎత్తడం, చెవి తాకడం, వెంటనే ఇష్టమైన తిండి ముక్క పెట్టడం మొదలుపెడితే పెద్దయ్యాక పెనుగులాట ఉండదు.

మీ పత్రికకు, పశువైద్యులకు ఒక విన్నపం. కూనకు టీకా వేయించడానికి వచ్చిన యజమాని చేతికి గోళ్ల కత్తెర ఇచ్చి, ఒక్క గోరైనా అతని చేతే కత్తిరింపజేసి, పళ్లు ఎలా తోమాలో అక్కడే చూపించే పద్ధతిని వైద్యులు పాటిస్తే మేలు. పెంపుడు జంతువుల గురించి వ్యాసాలు వేసేటప్పుడు మీరు కూడా నురగలో మునిగిన కుక్క ఫొటోకు బదులు, గోరును ఎక్కడ కత్తిరించాలో, చెవి నాళం ఎలా మలుపు తిరుగుతుందో చూపే బొమ్మలు ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు