పిల్లాడు ఎందుకు రాలేదో ఆ పూటే అడగండి

సంపాదకుల వారికి నమస్కారం.

గోదావరి పాయల మధ్యనున్న మా లంక ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండే ఏజెన్సీలో నేనొకదాన్ని. ప్రార్థన అయ్యాక మాస్టారు హాజరు వేసి లెక్క చెబుతారు. ఐదో తరగతి దాకా పిల్లాడికి 100 గ్రాములు, ఆరు నుంచి ఎనిమిది వరకు 150 గ్రాముల చొప్పున బియ్యం కొలుచుకుంటాం. అందుకే ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో టీచర్ల తర్వాత ముందు తెలిసేది మాకే. జూన్ 12న బడులు తెరుస్తారు కదా, ఆలోగా నాలుగు మాటలు అందరి చెవినా వేయాలని రాస్తున్నాను.

హాజరు అనగానే మా ఊళ్లో అందరి నోటా వచ్చేది 75 శాతం. బడికి వెళ్లే పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం పథకం డబ్బు పడాలంటే అంత ఉండాలి. 2025 జూన్‌లో 13,000 రూపాయలు ఖాతాలో పడితే ఎంతమంది తల్లులు పిల్లలకు సైకిళ్లు, బూట్లు కొన్నారో చూశాను. ఆ సాయాన్ని నేను తక్కువ చేయను. కానీ 75 ఉంటే చాలనుకోవడమే నాకు భయం. విద్యా హక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి కనీసం 220 పనిదినాలు. అందులో 75 శాతం అంటే 165. అంటే 55 రోజులు బడి మానేసినా ఆ పిల్ల అర్హురాలే! సెలవులు తీసేస్తే అది రెండు నెలల పైచిలుకు చదువు. భిన్నాలు మొదలుపెట్టిన వారంలో రాని పిల్లకు ఆ తర్వాత లెక్కల పీరియడ్ అంతా అయోమయమే. నెలాఖరున పర్సెంటేజీ చూసి ఫర్వాలేదులే అనుకునే సరికి ఆ పిల్ల వెనక వరసలోకి వెళ్లిపోయి ఉంటుంది, నోరు విప్పడం కూడా మానేసి ఉంటుంది.

పిల్లలు బద్ధకంతో ఆలస్యంగా వస్తారంటే నేను ఒప్పుకోను. నాట్ల రోజుల్లో తల్లులు చీకటితోనే చేలోకి వెళ్లిపోతారు. పెద్దపిల్ల అన్నం వండి, అంగన్‌వాడీ తెరిచేదాకా ఆగి, తమ్ముణ్ణి అక్కడ దింపి పరుగున వస్తుంది. వర్షాకాలంలో ముందురోజు తడిసిన యూనిఫాం ఆరదు. సంక్రాంతికి అమ్మమ్మగారింటికి వెళ్లిన వాళ్లు ప్రభల తీర్థం అయినా ఇంకో నాలుగు రోజులు ఉండిపోతారు.

గల్ఫ్ ఇళ్ల సంగతి వేరు. మా కోనసీమలో తల్లి కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉంటే పిల్లలు అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న ఇళ్లు చాలా ఉన్నాయి. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. ఇంటి పని ముగించుకుని ఆ తల్లి రాత్రి పదింటికి ఫోన్ చేస్తే మనకు పన్నెండున్నర. అమ్మ గొంతు వినకుండా ఆ పిల్లాడు నిద్రపోడు. మర్నాడు తొమ్మిదింటికి బడిలో ఎలా ఉంటాడు? అమ్మమ్మకి వాణ్ణి లేపడానికి మనసొప్పదు. మా వీధిలో ఒక బాబు వారంలో సగం రోజులు ఆలస్యమే. వాళ్లమ్మతో నేనే మాట్లాడాను. "రాత్రి వాయిస్ మెసేజ్ పెట్టమ్మా, పొద్దున్న లేవగానే వింటాడు. మాట్లాడాలంటే సాయంత్రం నాలుగున్నరకు చెయ్యి, నీకప్పుడు రెండవుతుంది" అన్నాను. ఇప్పుడు అమ్మ ఏం చెప్పిందో వినాలని ఆరున్నరకే లేస్తున్నాడు. అమ్మమ్మ వాణ్ణి లేపే పనే లేదు. గల్ఫ్‌లో ఉన్న మా అక్కచెల్లెళ్లు ఈ ఉత్తరం చదివితే దయచేసి ఒకసారి ఇలా చేసి చూడండమ్మా.

ఆలస్యంగా వచ్చినవాళ్లని గేటు బయట నిలబెట్టే పద్ధతి కొన్ని బడుల్లో ఇంకా ఉంది. అది నాకు బాధ కలిగిస్తుంది. పావుగంట ఆలస్యానికి అందరి ముందు చిన్నబుచ్చితే, మర్నాడు ఆలస్యమైన పిల్లాడు బడి దాకా రాడు, కాలవగట్టు మీద నుంచే వెనక్కి తిరుగుతాడు. పిల్లల్ని కొట్టడమే కాదు, మానసికంగా వేధించడం కూడా విద్యా హక్కు చట్టం ఒప్పుకోదు. లోపలికి రానిచ్చి, పాఠం అయ్యాక పక్కకు పిలిచి ఎందుకు ఆలస్యమైందో అడిగితే చాలు. మేం వండే భోజనానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆవిడ మా లంకల గన్నవరం ఇల్లాలు. వేళ కాని వేళ వచ్చినా లేదనకుండా వడ్డించిన తల్లి అని మా పెద్దలు చెబుతారు. లెక్క చెప్పేశాక వచ్చిన పిల్లాడికి కూడా మా గిన్నెలో అన్నం ఉంటుంది.

ఇక రాని పిల్లల సంగతి. మా బడిలో ఒక టీచరమ్మ తొమ్మిదిన్నరకల్లా ఇంటికి ఫోన్ చేస్తారు. "ఏమ్మా, పాప రాలేదు, ఒంట్లో బాగోలేదా?" అంతే, గద్దింపు ఉండదు. ఫోన్ ఎత్తకపోతే బియ్యం కడిగి పెట్టాక మాలో ఒకరం వెళ్లి చూసొస్తాం. చాలాసార్లు ఆ పిల్ల పదింటికల్లా మా వెంటే వస్తుంది. అడిగేవాళ్లు ఉన్నారని తెలిసిన ఇంట్లో ఊరికే మాన్పించడం తగ్గిపోయింది. అదే నాలుగో రోజు అడిగితే వాళ్ల దగ్గర కథలే ఉంటాయి, పిల్లకు కూడా రావడానికి సిగ్గేస్తుంది. ఈ పని ఒక్క టీచరమ్మ మంచితనం మీద నడవకూడదు. పిల్లల హాజరు చూసుకునే బాధ్యత స్థానిక సంస్థలదని చట్టంలోనే ఉంది. గ్రామ సచివాలయంలో వెల్ఫేర్ అండ్ ఎడ్యుకేషన్ అసిస్టెంట్ ఉన్నారు. స్కూల్ కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులే. వీధికి ఒకరు చొప్పున పంచుకుంటే పొద్దున్న పది నిమిషాల పని.

రేవు దాటే పిల్లలకు మాత్రం ఎవరు ఫోన్ చేసినా లాభం లేదు, పడవ రావాలి. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. మా లంకల దారులు అంతకు ముందే మునుగుతాయి. చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే అయినా, బూరుగులంక రేవులో తాత్కాలిక గట్టు అయినా వరద నీటికి నిలవక, జనం పడవల మీద దాటిన సంవత్సరాలు ఎన్నో. పెద్ద వరదకు సెలవిస్తారు సరే. వరదకు ముందు, నీళ్లు తీసేలోపు బడి నడుస్తూనే ఉంటుంది. మొదటి పడవ పాల క్యాన్లతో, కూలీలతో నిండిపోతుంది. పిల్లలు రెండో పడవకు ఆగుతారు, మొదటి పీరియడ్ పోతుంది. ఐదో తరగతి దాటి హైస్కూలుకు వెళ్లే ఆడపిల్లల్ని ఆ నెలల్లో ఇళ్లలోనే ఉంచేస్తారు. ఆ తల్లుల భయాన్ని నేను తప్పుపట్టలేను.

అందుకని మండల విద్యాధికారి (ఎంఈఓ) గారిని, తహసీల్దారు గారిని నేను కోరేది ఇది. వరద వచ్చాక కాకుండా జూన్‌లోనే ప్రతి రేవుకూ రండి. ఎనిమిదింటికి పిల్లల కోసమే ఒక పడవ కేటాయించండి. పిల్లల సైజు లైఫ్ జాకెట్లు ఇవ్వండి, ఇప్పుడున్నవి పెద్దవాళ్లవి, చిన్నపిల్లల మెడ మీదుగా జారిపోతాయి. వెంట ఒక పెద్దమనిషి ఉండాలి. సాయంత్రం బడి వదిలాక అదే పడవ రేవులో సిద్ధంగా ఉండాలి. పడవ తిరగని రోజుల పాఠాలు నీళ్లు తీశాక సాయంత్రం అరగంట కూర్చోబెట్టి చెప్పించండి. ఆ అరగంట పిల్లలకు ఉడకబెట్టిన శనగలు పెట్టే పూచీ మాది.

ఇట్లు,
మధ్యాహ్న భోజన ఏజెన్సీ సభ్యురాలు,
పి.గన్నవరం మండలం,
డాక్టర్ బి.ఆర్.అంబేడ్కర్ కోనసీమ జిల్లా