అశ్వత్థామకు మణి తిరిగి ఇచ్చేయడంపై ఫిర్యాదు

నెల్లూరు

ఆడియో కథల యాప్ నిర్వాహకులకు, కథా విభాగం బాధ్యులకు,

విషయం: మీ అశ్వత్థామ ఫాంటసీ సీరియల్‌లో 41, 42 ఎపిసోడ్లు, చివరి మూడు ఎపిసోడ్లు సరిచేయడం గురించి.

అయ్యా / అమ్మా,

అరవై ఎపిసోడ్లూ వరుసగా విన్నాకే ఈ ఉత్తరం రాస్తున్నాం. వాచకం మీద మాకు ఫిర్యాదు లేదు, కృపాచార్యుడి గొంతైతే చాలా బాగుంది. చందా డబ్బులు వెనక్కి అడగడం లేదు. ప్రతి ఎపిసోడ్ మొదట్లో ‘వ్యాస భారతం ఆధారంగా’ అంటున్నారు. ట్రైలర్‌లో ‘తిక్కన భారతం రాసిన నెల్లూరు గడ్డకు అంకితం’ అన్నారు. ఆ రెండు మాటలూ వాడుకున్నారు కాబట్టే లెక్క అడుగుతున్నాం.

అశ్వత్థామ ద్రోణుడి కొడుకు. నిద్రపోతున్న పాండవ శిబిరం మీద రాత్రిపూట పడి ద్రౌపది కొడుకుల్ని చంపాడు, అందుకు తన మణి పోగొట్టుకుని కృష్ణుడి శాపం పొందాడు. ముందే ఒకటి స్పష్టంగా చెప్తాం. అశ్వత్థామకు విముక్తి ఉండకూడదన్నది మా వాదన కాదు. ఉందనే మా నమ్మకం, పురాణం కూడా ఉందనే చెప్పింది. మీరు వేసిన దారి అక్కడికి చేరదు. ఎందుకు చేరదో ఎపిసోడ్ల వారీగా రాస్తున్నాం.

41వ ఎపిసోడ్‌లో అశ్వత్థామ శిబిరంలోకి వెళ్ళి, తన తండ్రిని చంపిన ధృష్టద్యుమ్నుణ్ణి నిద్రలేపి, చేతికి కత్తి ఇచ్చి, యుద్ధం చేసి చంపినట్టు పెట్టారు. ఆ రాత్రి కథ ఉన్న సౌప్తికపర్వంలో ద్వంద్వయుద్ధం లేదు. పక్క మీద పడుకున్నవాణ్ణి కాలితో తన్ని లేపుతాడు, జుట్టు పట్టి నేలకేసి అదుముతాడు. ‘ఆయుధంతో చంపు, వీరలోకానికి పోతాను’ అని ధృష్టద్యుమ్నుడు గొంతు పెగలక పెగలక అడుగుతాడు. గురువును చంపినవాడికి ఆ లోకాలు లేవని చెప్పి, కాళ్ళతో మర్మాల మీద తన్ని తన్ని చంపుతాడు. కథకు గుండెకాయ ఇక్కడే ఉంది. తండ్రిని ఆయుధం కింద పెట్టించి చంపారన్న బాధ నిజమే. ఆ బాధ మోసుకుంటూ వచ్చినవాడు తన ముందు ఆయుధం అడిగినవాడికి ఆయుధం లేకుండా చేశాడు. ఏ అన్యాయం తనను కాల్చిందో అదే అన్యాయం తన చేత్తో చేశాడు. దాని బదులు మీరు కత్తిసాము పెట్టి, కింద డప్పులు మోగించారు.

అదే ఎపిసోడ్‌లో ద్రౌపది ఐదుగురు కొడుకుల్ని, అంటే ఉపపాండవులను, పాలబుగ్గల పసివాళ్ళుగా వినిపించారు. చిన్న పాపలన్న మాట పోతన భాగవతంలోది, దాన్ని ఎంచుకుంటే తప్పేం లేదు. కానీ మీరు చెప్పుకున్నది వ్యాస భారతం ఆధారమని. అందులో వాళ్ళు పద్దెనిమిది రోజులూ యుద్ధం చేసిన కుర్రవాళ్ళు. అలికిడికి లేచి ఎదిరిస్తారు. నకులుడి కొడుకు శతానీకుడు రథచక్రం రెండు చేతులా ఎత్తి అశ్వత్థామ రొమ్ము మీద కొడతాడు. ఈ ఒక్క చక్రం దెబ్బ వినిపించి ఉంటే శ్రోతకు ఆ గుడారంలో ఒక మనిషి కనిపించేవాడు. మీ ఎపిసోడ్‌లో ఐదుగురికీ కలిపి ఒక్క కేక ఉంది. ద్రౌపదిని కూడా అక్కడే నిలబెట్టారు. ఆ రాత్రి ఆమె శిబిరంలో లేదు, ఉపప్లావ్య నగరంలో ఉంది. ధృష్టద్యుమ్నుడి సారథి ఒక్కడే ప్రాణాలతో బయటపడి ధర్మరాజుకు కబురు చెప్తే, నకులుడు వెళ్ళి ఆమెను తీసుకొస్తాడు.

తప్పును తగ్గించి చూపినవాళ్ళు క్షమను ఎంత పెద్దది చేసినా అది నిలబడదు. వ్యాసుడి లెక్క చూడండి. సౌప్తికపర్వంలో 18 అధ్యాయాలు. మొదటి తొమ్మిదింట్లో ఆ రాత్రి, తర్వాతి తొమ్మిదింట్లో ఐషీకం, అంటే దాని పర్యవసానం. సగానికి సగం. మీ సీరియల్‌లో పర్యవసానం మొత్తం 42వ ఎపిసోడ్‌లో పదిహేను నిమిషాల్లో అయిపోయింది. అందులోనే అసలు పొరపాటు జరిగింది.

ఆ ఎపిసోడ్ చివర్లో అశ్వత్థామ కన్నీళ్ళు పెట్టుకుని బ్రహ్మశిరోనామకాస్త్రాన్ని తనే వెనక్కి తీసుకుంటాడు. తీసుకోలేడండీ. గడ్డిపరక మీద అభిమంత్రించి వదిలాడు. అర్జునుడు ఎదురు వదిలాడు. వ్యాసుడూ నారదుడూ మధ్యకొచ్చి నిలబడ్డారు. వ్రతనిష్ఠ గలవాడు కాబట్టి అర్జునుడు ఉపసంహరించగలిగాడు. అశ్వత్థామకు ఆ శుద్ధి లేదు, వదలడమే వచ్చు. ‘ఎంత ఆపద వచ్చినా మనుషుల మీద వాడకు’ అని చెప్పి, మనసు లేకుండానే ద్రోణుడు కొడుక్కి ఆ అస్త్రం ఇచ్చాడన్న సంగతి కృష్ణుడు అంతకుముందే చెప్తాడు. అశ్వత్థామ ఒకసారి ద్వారక వెళ్ళి కృష్ణుడి చక్రం అడిగి, ఎడమ చేత్తో ఎత్తబోయి, కుడి చేత్తో ఎత్తబోయి, కదిలించలేక వెనుదిరిగిన కథ కూడా అక్కడే ఉంది. వెనక్కి తీసుకోవడం చేతగానివాడు కాబట్టే ఆ అస్త్రం అభిమన్యుడి భార్య ఉత్తర గర్భం మీదికి పోయింది. అతను నేర్చుకోవలసిన విద్య ఏదైనా ఉంటే అది ఉపసంహారం. మీరు దాన్ని 42లోనే నేర్పేశారు. ఆ పైన పద్దెనిమిది ఎపిసోడ్లలో అతనికి చేయడానికి పని లేకపోయింది. కథ సాగదీసినట్టుందని మీ శ్రోతలు రేటింగ్ తగ్గించడానికి కారణం ఇదే అని మా అభిప్రాయం.

ద్రౌపది క్షమ గురించి. వ్యాసుడిలో ఆమె ప్రాయోపవేశానికి, అంటే ప్రాణం పోయేదాకా నిరాహారంగా, కూర్చుని అశ్వత్థామ ప్రాణమే అడుగుతుంది. చివరికి మణి తెస్తే, గురుపుత్రుడు గురువుతో సమానమని సరిపెట్టుకుని, దాన్ని ధర్మరాజు తల మీద పెట్టమంటుంది. పోతనలో అర్జునుడు అతణ్ణి కట్టి తెస్తాడు. ద్రౌపది విడిచిపెట్టమంటుంది. అయితే ముందుగా, నిద్రపోతున్న పిల్లల్ని చంపడానికి నీకు చేతులెలా ఆడాయని నిలదీస్తుంది. విడిచిపెట్టమన్నది కూడా అతను ఏడ్చాడని కాదు, తను ఏడ్చినట్టు అతని తల్లి కృపి ఏడవకూడదని. మీ ద్రౌపది మాత్రం అతని చిన్నతనంలో పాలకు బదులు పిండి నీళ్ళు తాగాడని విని కరిగిపోతుంది. ఆ పిండి నీళ్ళ కథ ఆదిపర్వంలో ఉంది. ద్రోణుడు ద్రుపదుడి గడప ఎందుకు తొక్కాడో అది చెప్తుంది. పాండవ శిబిరంలో ఆ రాత్రి జరిగినదానికి అది జవాబు కాదు. పిల్లలు పోయిన తల్లి చేత ఆ జవాబు ఇప్పించడం మాకు చాలా కష్టంగా అనిపించింది.

సానుభూతి కావాలంటే దానికి విత్తనాలు కథలోనే ఉన్నాయి, వాటిని మీరు వదిలేశారు. తిక్కన కలం పట్టిందే విరాటపర్వంతో. అందులో కౌరవులు విరాటుడి ఆవుల్ని పట్టే గోగ్రహణం దగ్గర కర్ణుడు గొప్పలు పోతుంటే, ఆవులు ఇంకా మన చేతికి రాలేదు, అప్పుడే ఈ మాటలేమిటని మందలించినవాడు అశ్వత్థామ. కర్ణపర్వంలో దుశ్శాసనుడు పడిపోయాక దుర్యోధనుడి చెయ్యి పట్టుకుని పాండవులతో సంధి చేసుకోమని బతిమాలినవాడూ అతనే. ఇవి రెండూ మూడు నాలుగు నిమిషాల సన్నివేశాలు. ముందు పెట్టి ఉంటే శిబిరం గుమ్మం దగ్గర వింటున్నవాళ్ళకు ‘వద్దు’ అనిపించేది.

ఇంకో పెద్ద లోటు. ఆ రాత్రి అశ్వత్థామ, కృపుడు, కృతవర్మ ముగ్గురూ వెళ్ళారు. మర్రిచెట్టు కింద, గుడ్లగూబ కాకుల్ని చంపడం చూసి అశ్వత్థామ లేస్తే, తెల్లారేదాకా ఆగు, ధృతరాష్ట్రుణ్ణీ గాంధారినీ విదురుణ్ణీ అడుగుదాం అని కృపుడు చెప్తాడు. చెప్పి కూడా వెంట వెళ్తాడు. కృపుడు, కృతవర్మ గుమ్మం దగ్గర కాపు కాసి పారిపోయేవాళ్ళను నరికి, శిబిరానికి నిప్పు పెట్టారు. తర్వాత ఏమైంది? కృతవర్మ 36 ఏళ్ళకు ప్రభాస తీర్థంలో, నిద్రపోయేవాళ్ళను చంపినవాడివని సాత్యకి దెప్పిపొడవగా మాటా మాటా పెరిగి తల పోగొట్టుకున్నాడు. కృపుణ్ణి పాండవులు దూరం పెట్టలేదు. మహాప్రస్థానానికి వెళ్ళేముందు ధర్మరాజు ఉత్తర కొడుకు పరీక్షిత్తును ఆయనకే శిష్యుడిగా అప్పగించాడు. ఏ వంశాన్ని తుడిచేయడానికి గుమ్మంలో నిలబడ్డాడో ఆ వంశంలో మిగిలిన ఒక్క పిల్లవాడికి చదువు చెప్పాడు. పడిపోయినవాడు లేవడం ఎలా ఉంటుందో చూపాలంటే భారతంలో ఇంతకంటే మంచి చోటు లేదు. మీ కృపుడు, అంత మంచి గొంతుతో, 43వ ఎపిసోడ్ తర్వాత మళ్ళీ కనిపించడు.

ఇక చివరి మూడు ఎపిసోడ్లు. అశ్వత్థామ ఇప్పటి కాలంలో భైరవకోన గుహల్లో ఉన్నట్టు పెట్టారు. శివుడి చేతి కత్తి అందుకున్నవాణ్ణి ఎనిమిది శివాలయాలు తొలిచిన కొండలో కూర్చోబెట్టడం చక్కని ఊహ, మా ఒంగోలు వాళ్ళకు సంతోషం కలిగింది. అయితే జలపాతం పొంగి కొట్టుకుపోతున్న ఒక పిల్లవాణ్ణి పట్టుకోగానే ఆకాశవాణి వినిపించి, మణి వచ్చి నుదుట అతుక్కుంటుంది. రెండు తప్పులున్నాయి.

శాపం కలియుగాంతం వరకు అన్నారు. అది జనంలో ఉన్న మాట. సౌప్తికపర్వంలో కృష్ణుడు చెప్పింది 3,000 ఏళ్ళు: తోడు లేకుండా, ఎవరితోనూ మాట లేకుండా, చీమూ నెత్తురూ వాసనతో తిరగమని. పంచాంగం లెక్కన కలి పుట్టి 5,100 ఏళ్ళు దాటింది, యుద్ధం దానికి 36 ఏళ్ళ ముందు. అంటే శిక్ష తీరి 2,000 ఏళ్ళ పైనే అయింది. మీ కథ ఇప్పటి కాలంలో జరుగుతోంది కాబట్టి మీ అశ్వత్థామ శిక్షలో ఉన్నవాడు కాదు, శిక్ష పూర్తయినవాడు. పూర్తయినా ఎదురొచ్చి ‘రా’ అన్నవాళ్ళు లేరు. అక్కడి నుంచి అతను ఎలా బతుకుతాడన్నది మాకు తెలిసి ఎవరూ ముట్టుకోని కథ. అది మీ చేతిలో ఉండి కూడా వదిలేశారు.

రెండోది మణి. అది ఉన్నవాడికి ఆయుధ భయం లేదు, రోగం లేదు, ఆకలి లేదు. దాన్ని ఇచ్చేసిన రోజే అశ్వత్థామకు మొదటిసారి ఆకలి తెలిసింది. అందరిలాంటి మనిషి అయింది ఆ రోజే. దాన్ని తిరిగి ఇవ్వడమంటే అతణ్ణి శిబిరం గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి మళ్ళీ నిలబెట్టడం. బహుమానంగా ఇవ్వదగ్గది అది కాదు.

విష్ణుపురాణం మూడో అంశంలో రెండు మాటలున్నాయి. రాబోయే సావర్ణి మన్వంతరంలో సప్తర్షుల్లో ద్రౌణి, అంటే ద్రోణుడి కొడుకు అశ్వత్థామ, ఒకడు, కృపుడు కూడా. వచ్చే ద్వాపరంలో వేదవ్యాసుడయ్యేది కూడా ద్రౌణే. పసికందు గర్భం మీద అస్త్రం వదిలినవాడు వేదం విభజించి శిష్యులకు చెప్పే చోటికి చేరతాడట. ఎలా చేరాడో పురాణం చెప్పలేదు. ఆ ఖాళీ ఫాంటసీ రాసేవాళ్ళదే, మీ స్వేచ్ఛ అంతా అక్కడ వాడుకోండి. మేం మీ కస్టమర్ కేర్‌కు చేసిన ఫిర్యాదుకు ‘కల్పనా స్వేచ్ఛ’ అని ఒక్క ముక్కలో జవాబిచ్చారు. స్వేచ్ఛను మేం కాదనడం లేదు, తిక్కన తీసుకున్నాడు, పోతన తీసుకున్నాడు.

మార్చవలసింది ఎక్కువేమీ లేదు. 41లో కత్తిసాము, డప్పులు తీసేసి ధృష్టద్యుమ్నుడి చివరి మాట, శతానీకుడి చక్రం పెట్టండి. నేపథ్య సంగీతం వద్దు, ఊపిరి చాలు. 42లో ఉపసంహారం తీసేయండి. విరాట, కర్ణ పర్వాల రెండు ముక్కలు ముందు చేర్చండి. కృపుడు పరీక్షిత్తుకు విల్లు పట్టడం నేర్పే సన్నివేశం ఒకటి కొత్తగా రాయించండి. పిల్లవాడు అస్త్రం వదలడం అడిగితే, ముందు వెనక్కి తీసుకోవడం నేర్చుకో అని కృపుడు చెప్తే చాలు, వినేవాళ్ళకు అందుతుంది.

60వ ఎపిసోడ్‌లో భైరవకోన ఉంచండి, వరదలో పిల్లవాణ్ణి కాపాడటం కూడా ఉంచండి. ఆకాశవాణి, మణి తీసేయండి. కాపాడిన పిల్లవాడు ‘నువ్వెవరు?’ అని అడగాలి. అశ్వత్థామ ఆ రాత్రి సంగతి చెప్పాలి. ద్రోణుడి పేరు, పిండి నీళ్ళు, గుడ్లగూబ, ఏదీ అడ్డం పెట్టుకోకుండా. ప్రతివింధ్యుడు, సుతసోముడు, శ్రుతకర్మ, శతానీకుడు, శ్రుతసేనుడు అని ఆదిపర్వం వరుసలో ఐదు పేర్లూ తన నోటితో పలకాలి. ఒక్కో పేరుకూ మధ్య మూడు నాలుగు సెకన్లు నీటి చప్పుడు వదలండి. పిల్లవాడు క్షమించానని అనకూడదు, అది అనే హక్కు వాడిది కాదు. లేచి ఇంటికి పోవచ్చు, కూర్చుని వినవచ్చు, అది మీ రచయిత ఇష్టం. చెప్పగలిగాడా లేదా అన్నదే మాకు కావాలి. రేపు వ్యాసుడు కావలసినవాడు చెప్పవలసిన మొదటి కథ తనదే.

దీనికి మళ్ళీ రికార్డు చేయవలసిన గొంతులు నాలుగైదే: అశ్వత్థామ, ధృష్టద్యుమ్నుడు, కృపుడు, ద్రౌపది, పిల్లవాడు. నిడివి మొత్తం గంట లోపు. సవరించిన స్క్రిప్ట్ పంపితే పర్వం, అధ్యాయం సరిచూసి వారంలో తిప్పి పంపుతాం, పారితోషికం అక్కర్లేదు. ఇవేవీ వీలుకావంటే ‘వ్యాస భారతం ఆధారంగా’ అన్న మాట, ట్రైలర్‌లో తిక్కన పేరు ముప్ఫై రోజుల్లో తీసేయండి. ఏది చేస్తారో రాతపూర్వకంగా తెలపగలరు.

ఇట్లు,
నెల్లూరు, కావలి, ఒంగోలు శ్రోతలు