పోస్టులు చూసి ఉద్యోగాలు ఇస్తారా?

ఎడిటర్ గారికి నమస్కారమండి,

ఈమధ్య కొన్ని కంపెనీలు రెజ్యూమేతో పాటు పిల్లల ఫేస్‌బుక్, ఇన్‌స్టా, ఉద్యోగాల కోసం వాడే లింక్డ్‌ఇన్ కూడా తిరగేసి, వీడు నలుగురితో కలుస్తాడా, టీమ్‌లో ఇముడుతాడా అని అంచనా వేస్తున్నారంట, ఇది మా కోనసీమ పిల్లలకి అన్యాయమండి. 2022 జూలైలో గోదారి పొంగి ఏటి మధ్య లంక ఊళ్లు మునిగినప్పుడు పడవల మీద పాలు, మంచినీళ్లు చేరేసి, ఇల్లొదిలి రానన్న ముసలోళ్లకి నచ్చజెప్పి ఏటిగట్టు మీదకి తెచ్చిన కుర్రాళ్లున్నారు, టీమ్‌వర్క్ అంటే అది కాదా, వాళ్లలో చాలామంది ఒక్క ఫోటో కూడా పెట్టలేదు. ఇంగ్లీష్‌లో పోస్టులు రాసుకునేవాడికే మార్కులా?

ఇంకోటి, ప్రొఫైల్ తెరిస్తే కులం, మతం, అభిమానించే పార్టీ, పెళ్లి, అన్నీ కనపడతాయి, ఇవి ఇంటర్వ్యూలో అడగకూడనివి కదా, చూశాక మనసులోంచి ఎలా తీసేస్తారు?

మన సొంత వివరాలకి రక్షణగా 2023 డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం ఉందిగా అంటారు, కానీ మనంతట మనం పబ్లిక్‌గా పెట్టినదానికి అది వర్తించదు, ఈ సంగతి పిల్లలకి ఎవరూ చెప్పట్లేదు. 2017లో సుప్రీంకోర్టు ప్రైవసీ ప్రాథమిక హక్కు అని తీర్పిచ్చినా ఇక్కడ పెద్దగా అక్కరకి రావట్లేదు.

చూడక తప్పదంటే ముందే చెప్పి చూడండి, లింక్డ్‌ఇన్ వరకే చూడండి, చూసినవాళ్లు ఇంటర్వ్యూలో కూర్చోకండి. మాట తీరు తెలియాలంటే ఒక గంట కూర్చోబెట్టి మాట్లాడండి. అమలాపురం, భీమవరం, కాకినాడ కాలేజీల ప్లేస్‌మెంట్ వాళ్లు కూడా కంపెనీలని ఈ విషయం గట్టిగా అడగాలండి.

ఇట్లు,
ఒక డిగ్రీ లెక్చరర్, అమలాపురం